కాదనలేనివాడి రంగుల ఫైలు

సాయికుమార్ నోట ‘కుదరదు’ అనే మాట విన్నవాళ్ళు అమలాపురంలో లేరు. విన్నామని ఎవరైనా అంటే ఆ మనిషి కోతలు కోస్తున్నాడని తేల్చేసుకోవచ్చు. తొంభైల్లో, కొత్తపేటలో శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో పని చేసేటప్పుడే అతనికి ఆ పేరొచ్చింది. అచ్చంతా అయిపోయి కార్డులు కట్టలు కట్టాక, పెళ్ళికొడుకు మేనమామ తాపీగా దిగబడి “మా పేరు పక్కన రిటైర్డ్ హెడ్మాస్టర్ అని వెయ్యలేదేంటండీ” అనేవాడు. ప్రెస్సు ఓనరు నోరు తెరిచేలోపే సాయికుమార్ “ఆయ్, వేసేద్దామండి” అనేసి, నల్ల స్కెచ్ పెన్ను తీసుకుని కార్డు కార్డుకీ చేత్తో రాసేవాడు. అచ్చులో కలిసిపోయేంత బాగా రాసేవాడు, అది వేరే సంగతి. మేనమామ మురిసిపోయి వెళ్ళేవాడు. ఇంకో కట్ట కార్డులు కావాలని కబురొస్తే మాత్రం, అచ్చు బ్లాకులో లేని హెడ్మాస్టరు కొత్త కార్డుల మీదకి ఎక్కడినుంచి వస్తాడు? మళ్ళీ పెన్ను, మళ్ళీ సాయికుమార్.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. సాయికుమార్ పుస్తకం ముందేసుకుని వెబ్ పేజీలు కట్టడం నేర్చుకున్నాడు. కోనసీమలో మొట్టమొదటి వెబ్ డిజైనరు తనేనని బోర్డు రాయించుకున్నాడు. కాదనేవాడు లేడు, ఎందుకంటే రెండోవాడే లేడు. రెండువేల ఎనిమిది నాటికి గడియారస్తంభం దగ్గర ఫ్యాన్సీ షాపు పైన రెండు గదుల్లో అతని కొట్టు నడుస్తోంది. రంగుల విషయంలో మాత్రం అతని కన్ను కన్నే. ఎవరైనా కనకాంబరం రంగు కావాలంటే “పొద్దున్న కోసిందాండి, సాయంత్రానికి వాడిందాండి” అని అడిగి, దానికి కంప్యూటర్లో ఉండే ఆరక్షరాల కోడు తడుముకోకుండా కొట్టేవాడు.

ఆ కొట్లో ఒకటే చట్టం. ఎదురుగా కూర్చున్న పెద్దమనిషి ఏదైనా అడిగితే, ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టేలోపు అది ఆయన కళ్ళకి కనపడిపోవాలి. ‘రేపు చూద్దామండి’ అంటే గుమ్మం ఎక్కినవాణ్ణి గుమ్మంలోంచే పంపేసినట్టు. ఇది అతనొక్కడి జబ్బనుకుంటే పొరపాటు. ఆ చుట్టుపక్కల సగం వ్యాపారాలు ఈ మర్యాదతోనే పైకొచ్చాయి, మిగతా సగం ఈ మర్యాదతోనే మునిగాయి.

అలాంటి కొట్లోకి ప్రసన్నకుమారి వచ్చింది. రాజోలు దగ్గర్నుంచి రోజూ బస్సులో వచ్చేది. ఎం.సి.ఎ. చదివింది, వాళ్ళమ్మ మిషన్ స్కూల్లో టీచరు. మాట తక్కువ, నిజం ఎక్కువ. అమలాపురంలో మామూలుగా ఈ పాళ్ళు తిరగబడి ఉంటాయి కాబట్టి, మొదట్లో ఆ పిల్లకి పొగరేమో అనుకున్నారు. సాయికుమార్ పేజీకో ఫైలు చొప్పున చేత్తో కట్టుకుంటూ పోయే పనిని ఆమె రైల్స్ అనే కొత్త పద్ధతిలోకి మార్చింది. కోనసీమకి ఎన్నాళ్ళు అడిగినా రైలు రాలేదు గానీ, రైల్స్ మాత్రం రాజోలు బస్సెక్కి వచ్చేసిందని సాయికుమార్ అందరికీ చెప్పి నవ్వించేవాడు. ఆ పద్ధతి తనకి ఒక్క ముక్క కూడా అర్థం కాలేదన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆమెకి హైదరాబాదు నుంచి ఒక కంపెనీవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. ఆ సంగతి దాచుకోలేదు.

“నాకు మా ఇంటినుంచి వచ్చి వెళ్ళే చోటే ఈ పని చెయ్యాలనుంది సార్. ఈ కొబ్బరి సైటు పద్ధతిగా జరిగితే ఇక్కడే ఉండిపోతాను. గందరగోళమైతే మాత్రం వెళ్ళిపోతాను. ముందే చెప్తున్నాను, తర్వాత ఏవనుకోవద్దు” అంది.

సాయికుమార్ లెక్క వేసుకున్నాడు. ఆ పిల్ల వెళ్ళిపోతే కొట్టు మూసుకోవడమే. కొత్త పనులన్నీ ఆమె ధైర్యంతోనే ఒప్పుకున్నాడు. అందులో పెద్దది ఈ కొబ్బరి సైటు. అంబాజీపేట వైపు కొబ్బరి వర్తకులు కట్టుకున్న సంఘానికి రోజువారీ ధరలు, వర్తకుల వివరాలు చూపించే సైటు అది. సంఘం అధ్యక్షుడు అమ్మిరాజు గారు, కురిడీ వ్యాపారం, అంటే లోపల నీళ్ళింకి ఎండి చిక్కిపోయిన కొబ్బరికాయలు. కార్యదర్శి రామ్మూర్తి గారు, పచ్చికాయ లారీలకెత్తే వ్యాపారం. ఒకే సోఫాలో కూర్చుని ‘తవరు ముందు’ అంటే ‘తవరు ముందు’ అని కాఫీలు చల్లార్చుకునేంత మర్యాదగా పగబట్టుకున్న మనుషులు వాళ్ళిద్దరూ.

పని మొదలైన రోజునే ప్రసన్న అతన్ని కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చెప్పింది.

“సార్, సైటు రంగులూ అక్షరాల సైజులూ అన్నీ ఇక్కడున్నాయి. రెండు ఫైళ్ళు. మొదటిది మనం రాసేది, దీన్ని సాస్ అంటారు. రంగుకి ఒక్కసారి పేరు పెట్టుకుంటే చాలు, అక్కడ మారిస్తే సైటంతా మారిపోద్ది. రెండో ఫైలు ఈ మొదటిదాన్ని చూసి మిషనే రాసుకుంటుంది. బ్రౌజరు చదివేది ఆ రెండోదాన్ని. కానీ మొదటిది సేవ్ చేసి పేజీ తెరిస్తే చాలు, మిషను రెండోదాన్ని మొత్తం చెరిపేసి మళ్ళీ కొత్తగా రాస్తుంది. అందుకని ఆ రెండోదాని మీద మాత్రం చెయ్యెయ్యకండి.”

“ఆయ్, అలాగేనమ్మా” అన్నాడు సాయికుమార్. అతను వినలేదు. వినలేదంటే చెవులకి వినపడలేదని కాదు. అర్థం కాలేదు, మళ్ళీ చెప్పమంటే చిన్నపిల్ల ముందు చులకనైపోతానని భయం. కోనసీమలో మొట్టమొదటి వెబ్ డిజైనరు మరి.

ఆమె లేనప్పుడు ఆ మొదటి ఫైలు తెరిచి చూశాడు. అందులో ఒక్క బ్రాకెట్టు లేదు, ఒక్క సెమికోలన్ లేదు. ఇన్నేళ్ళుగా వేళ్ళకి అలవాటైన గుర్తులన్నీ ఎవరో చీపురుతో ఊడ్చేశారు. పైన రంగుల పేర్లున్నాయి, ఒక్కొక్క పేరు ముందూ ఒక ఆశ్చర్యార్థకం. రంగు చూసి ఆశ్చర్యపోవాల్సిందేముందో అతనికి బోధపడలేదు. ఎక్కడో ఒక స్పేసు ఎక్కువ కొట్టాడు. అంతే, సైటు రంగులన్నీ పోయి పేజీ నెత్తి మీద ఇంగ్లీషులో తిట్లు వచ్చాయి. ఆ స్పేసు తీసేసి, ఎవరూ చూడలేదు కదా అని గుమ్మం వైపు ఓసారి చూసి, ఫైలు మూసేశాడు.

రెండో ఫైలు తెరిచాడు. బ్రాకెట్లూ సెమికోలన్లూ అన్నీ పెళ్ళికొచ్చిన చుట్టాల్లాగ వరసగా కూర్చుని ఉన్నాయి. అతనికి ప్రాణం లేచొచ్చింది. మన పని మనకి తెలిసిన చోట చేసుకుంటే తప్పేంటనుకున్నాడు. కొంప అక్కడే మునిగింది.

మొదట అమ్మిరాజు గారు వచ్చారు. ప్రసన్న భోజనానికి వెళ్ళింది. కాఫీ వచ్చింది. రాజుగారు సైటు చూసి తల పంకించారు.

“అంతా దివ్యంగా ఉందండి సాయికుమార్ గారూ. ఏవనుకోకపోతే ఒక్క మాట. పైనున్న ఆ పట్టీ ఏంటో లంఖణాలు చేసిన మనిషిలాగ తెల్లగా ఉందండి. కనకాంబరం రంగైతే మా ఇంట్లోవాళ్ళకి ఇష్టమండి.”

“ఆయ్, ఎంతసేపండి” అని సాయికుమార్ రెండో ఫైల్లో కోడు కొట్టేశాడు. గ్లాసులో ఇంకా రెండు గుటకలుండగానే పట్టీ కనకాంబరమైపోయింది. రాజుగారు పొంగిపోయారు. ఇలాంటి పనివాడు హైదరాబాదులో కూడా ఉండడని మెట్ల మీద ఎదురైనవాళ్ళకి చెప్పుకుంటూ వెళ్ళారు.

మధ్యాహ్నం ప్రసన్న వచ్చి, ధరల పేజీలో ఏదో సర్ది తన ఫైలు సేవ్ చేసింది. మిషను తన పని తను చేసుకుంది. కనకాంబరం పోయింది. ఆ పిల్లకి ఆ రంగు వచ్చినట్టూ తెలీదు, పోయినట్టూ తెలీదు.

మర్నాడు రాజుగారు వాళ్ళావిడకి చూపించడానికి నెట్ సెంటరుకి తీసుకెళ్ళారు. పట్టీ తెల్లగా ఉంది. ఆయన ఫోన్ చేసి ముందు కుశలమడిగారు, పిల్లల చదువులడిగారు, ఆ తర్వాత మెల్లగా అన్నారు. “నిన్న మా ఎదురుగా వేసిన రంగు, మేం మెట్లు దిగేక తీసేసేరేంటండీ? నచ్చకపోతే మొహం మీదే చెప్పాల్సిందండి. మేవేం అనుకోం.”

అక్కడ మనిషి ‘మేవేం అనుకోం’ అన్నాడంటే అనుకోవాల్సిందంతా అప్పటికే అనేసుకున్నాడని అర్థం. సాయికుమార్‌ “అయ్యో, ఎంత మాటండి” అని మళ్ళీ రెండో ఫైల్లోనే రంగు వేసి పెట్టాడు. అంతలో రామ్మూర్తి గారు దిగారు. ఆయన కనకాంబరం చూసి మర్యాదగా దగ్గి, నేరేడుపండు రంగు నిండుగా ఉంటుందేమోనండి అన్నారు. కార్యదర్శి అన్న అక్షరాలు అధ్యక్షుడన్న అక్షరాలంత ఉంటే చూసేవాళ్ళకి కూడా బాగుంటుందేమోనండి అన్నారు. ఆయనకీ కాఫీ వచ్చింది. ఆయనకీ ఆయ్ అయిపోయింది. సాయంత్రం ప్రసన్న ఫైలు సేవ్ చేసింది, నేరేడుపండు రాలిపోయింది.

ఇక అక్కణ్ణుంచి రోజూ ఇదే తంతు. కనకాంబరం పోతే రామ్మూర్తి గారు తీయించారని రాజుగారికి అనుమానం. నేరేడుపండు పోతే రాజుగారు తీయించారని రామ్మూర్తి గారికి నమ్మకం. ఇద్దరూ కనపడితే మాత్రం చేతులు పట్టుకుని వదలరు. మధ్యలో సాయికుమార్ ఎవరికి ఫోన్లో ఏం చెప్పాడో తనకే గుర్తుండటం మానేసింది. మొదట్లో అతను ప్రసన్న మీదే అనుమానపడ్డాడు. తనకి చేతకాదని తేల్చడానికి ఈ పిల్లే పనిగట్టుకుని చెరిపేస్తోందనుకున్నాడు. ఒకరోజు రాజుగారు ఫోన్లో కాస్త గట్టిగా నిలదీసేసరికి నోరు జారింది.

“కొత్తమ్మాయండి. నేర్చుకుంటోందండి. చూసీ చూడకుండా చెరిపేస్తోందండి. నేను చెప్తానండి” అనేశాడు.

అమలాపురం నుంచి అంబాజీపేటకి బస్సు కన్నా మాట ముందు చేరుతుంది. ఆ శనివారం రామ్మూర్తి గారు వచ్చి, ప్రసన్నతో తియ్యగా అన్నారు. “పెద్దవాళ్ళు వేసిన రంగులు చెరపకూడదమ్మా. పనిలో అణకువ ఉండాలి.”

ఆమె మొహం ఎర్రబడింది. ఆయన వెళ్ళేదాకా ఆగి, సాయికుమార్ బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“నేనేం చెరిపేనండీ?”

“అబ్బే, ఆయన మాట పట్టించుకోకమ్మా.”

“మీరేమైనా మార్చేరా సార్? రెండో ఫైలు ముట్టుకున్నారా?”

“లేదమ్మా” అన్నాడు సాయికుమార్.

ఆ పిల్ల నమ్మింది. అదీ దరిద్రం. తన ఫైల్లోనే ఏదో తప్పుందనుకుని, మొదట్నుంచీ ఒక్కొక్క లైనూ చదువుకుంటూ కూర్చుంది. లేని తప్పు దొరకదు కదా. అన్నం డబ్బా తెరవకుండానే ఇంటికి పట్టుకెళ్ళింది.

అసలు సంగతి సాయికుమార్‌కి తెలిసొచ్చింది సోమవారం నాడు. తను కనకాంబరం వేసి ఇంకా చెయ్యి తీయలేదు, పక్క సీట్లో ప్రసన్న సేవ్ కొట్టింది, పేజీ మళ్ళీ తెరిచేసరికి రంగు లేదు. ఆమె చెయ్యి ఆ రంగు దరిదాపుల్లోకి కూడా పోలేదు. అతను మళ్ళీ వేశాడు. ఆమె సేవ్ కొట్టింది. మళ్ళీ పోయింది. అప్పుడు అతనికి కొత్తపేట ప్రెస్సు గుర్తొచ్చింది. తను చేస్తున్నది అచ్చైన కార్డు మీద పెన్నుతో దిద్దడం. బ్లాకు ఆ పిల్ల చేతిలో ఉంది. బ్లాకులో లేనిది ఎన్నిసార్లు దిద్దినా తర్వాతి కార్డులో ఉండదు. ఇదే మొదటి రోజున ఆమె మంచి తెలుగులో చెప్పింది.

అప్పుడే చెప్పేయాల్సింది. పక్కనే ఉంది, మూరెడు దూరం. ‘నేనేనమ్మా, నాకు రావట్లేదు’ అంటే అయిపోయేది. అతని నోట రాలేదు. ప్రారంభోత్సవం ఎల్లుండే ఉంది, అది గడిచిపోతే ఎవరూ రంగులు అడగరు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకున్నాడు. సిగ్గు అంత పని చేయిస్తుంది. మంచివాడన్న పేరున్నవాడికి ఆ సిగ్గు ఇంకా ఎక్కువ.

బుధవారం పొద్దున్న అంబాజీపేట కల్యాణ మండపంలో ప్రారంభోత్సవం. వర్తకులందరూ పంచెలు కట్టుకుని వచ్చారు. స్టేజీ మీద పెద్ద తెర, తెర పక్కన బల్ల మీద కంప్యూటరు. ప్రసన్న వైర్లు కలిపి, అన్నీ ఒకసారి చూసుకుని, చేతులు కడుక్కోడానికి వెళ్ళింది. అమ్మిరాజు గారు సరిగ్గా అప్పుడే స్టేజీ ఎక్కారు. సంఘం పెట్టింది వాళ్ళ నాన్నగారు. ఆయన ఫోటో సైటు మొదటి పేజీలో ఒక మూల ఉంది.

“మా నాన్నగారు నిలువెత్తు మనిషండి సాయికుమార్ గారూ. ఇదేంటండీ, తపాలా బిళ్ళ మీద ఉన్నట్టున్నారు. కాస్త పెంచలేరాండి?”

సాయికుమార్‌కి తెలుసు. ఈసారి అంతా తెలుసు. రెండో ఫైల్లో పెంచితే అది నిలవదని తెలుసు. మొదటి ఫైల్లో పెంచడం రాదని తెలుసు. ‘ఆ అమ్మాయిని రానివ్వండి’ అంటే చాలునని కూడా తెలుసు. “ఆయ్” అన్నాడు. పెద్దాయన తెరలో సగం నిండిపోయారు. రాజుగారి కళ్ళు చెమర్చాయి.

ప్రసన్న తిరిగొచ్చేసరికి సభ మొదలైంది. ఉపన్యాసాలు జరిగాయి. దీపం వెలిగించినట్టుగా రాజుగారు ఒక మీట నొక్కారు, చప్పట్లు పడ్డాయి. తర్వాత వంతు రామ్మూర్తి గారిది. ఆయన ధరల పట్టీ చూపించి, వెనక వరసలవాళ్ళకి అంకెలు కనపడ్డం లేదేమో, కాస్త పెద్దవి చెయ్యమ్మా అని మైకులోనే ప్రసన్నని అడిగారు. ఆమె తన ఫైల్లో ఒక అంకె మార్చి సేవ్ చేసి పేజీ మళ్ళీ తెరిచింది. ధరలు పెద్దవయ్యాయి. పెద్దాయన తపాలా బిళ్ళలోకి వెళ్ళిపోయారు.

వెనక వరసలోంచి ఎవరో తీరిగ్గా అన్నారు. “పెద్దాయన కురిడీ అయిపోయేరండోయ్.”

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. కురిడీ వ్యాపారి తండ్రిని కురిడీ అన్నాక అమ్మిరాజు గారి మొహం ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆయన లేచి నిలబడ్డారు.

“ఎవరు చేసేరిది?”

మీట మీదున్న చెయ్యి ప్రసన్నది. హాలు మొత్తం ఆమెనే చూసింది. “నేను అక్షరాలు మాత్రమే మార్చేనండి” అంది ఆమె.

“రంగులు చెరిపేవు. ఊరుకున్నాం. ఇప్పుడు మా నాన్నగారి జోలికొచ్చేవా అమ్మా?” అన్నారు రాజుగారు.

సాయికుమార్ లేచాడు. లేవకుండా ఉండలేకపోయాడు. “నాది తప్పండి రాజుగారూ. ఆ అమ్మాయిది కాదండి. నేనేనండి చేసింది.”

రాజుగారి మొహం మెత్తబడింది. ఆయన సభ వైపు తిరిగారు. “చూసేరా? పనివాళ్ళ తప్పు కూడా తన మీదేసుకునే మనిషండి ఈయన. ఇంత మంచితనం ఈ రోజుల్లో ఎక్కడుందండి?”

చప్పట్లు మారుమోగాయి. రామ్మూర్తి గారు ఇంకెవరికో తెచ్చిన శాలువా విప్పి సాయికుమార్ భుజాల మీద కప్పేశారు. జీవితంలో మొదటిసారి నిజం చెబితే దానికి కూడా మర్యాద అని పేరు పెట్టి సన్మానం చేస్తున్నారు. సాయికుమార్ “కాదండి, నిజంగా నేనేనండి” అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. తెర పక్కన ప్రసన్న తన బ్యాగు భుజాన వేసుకుంటోంది. అతని వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అర్థమైపోయింది అంతే. తను అడిగినప్పుడు అతనన్న ‘లేదమ్మా’ అబద్ధమని ఆమెకి అప్పుడే తెలిసింది.

సాయికుమార్‌కి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీద కాదు, తన మీద. మైకు లాక్కున్నాడు.

“రాజుగారూ, కాస్త నోరు మూసుకుని నేను చెప్పేది వినండి.”

ఆ హాల్లో అమ్మిరాజు గారితో ఆ మాటన్న మనిషి అంతవరకు పుట్టలేదు.

“ఈ అమ్మాయి నాకు మొదటిరోజే చెప్పింది, ఆ ఫైలు ముట్టుకోవద్దని. ముట్టుకున్నాను. నాకు ఈ కొత్త పని రాదు. రాదని చెప్పుకోడానికి సిగ్గేసింది. మీరు కనకాంబరం అన్నారు, ఆయ్ అన్నాను. ఈయనొచ్చి నేరేడుపండు అన్నారు, దానికీ ఆయ్ అన్నాను. మీరు కాఫీ తాగేలోపు కనపడితే చాలని పైపైన పూసేను. ఈ అమ్మాయి తన పని తను చేసుకున్నప్పుడల్లా నా పూత ఊడిపోయింది. ఊడిపోతే తప్పు ఈ అమ్మాయి మీదకి తోసేను. కొత్తమ్మాయండి అన్నది నేనే. ముట్టుకున్నారా అని నన్నడిగితే లేదని అబద్ధమాడేను. మీ నాన్నగారిని పెంచిందీ నేనే, ఆయన తగ్గిపోయిందీ నావల్లే. నేను మంచోణ్ణి కాదు. ఇంకోసారి నన్ను మంచోడన్నవాడికి ఈ శాలువా కప్పుతాను.”

ఈసారి నమ్మారు. ఇంత మోటుగా మాట్లాడేవాడు అబద్ధమాడడని వాళ్ళ లెక్క.

రాజుగారు మెల్లగా రామ్మూర్తి గారి వైపు తిరిగారు. “నేరేడుపండాండి? తవరు కూడా వెళ్ళేరాండి?” అన్నారు. “తవరు వెళ్ళొచ్చేకే కదండీ” అన్నారు రామ్మూర్తి గారు. అక్కణ్ణుంచి ఇద్దరూ అండీలు పెట్టుకుంటూ ఒకరి బండారం ఒకరు బయటపెట్టుకోవడం మొదలెట్టారు. వర్తకులకి అసలు ప్రారంభోత్సవం అప్పుడు మొదలైంది.

ప్రసన్న బ్యాగు దించి మళ్ళీ కంప్యూటరు ముందు కూర్చుంది. “రాజుగారండీ, ఫోటో ఎంత కావాలి?” అని అడిగింది. ఆయన కోపంలోనే రెండు చేతులూ చాపి చూపించారు.

“అంత కుదరదండి. ధరలు కిందకి పోతాయి, ఎవరికీ కనపడవు. ఇంతవరకు పెడతాను” అని తెర మీద వేలితో చూపించింది.

సాయికుమార్ కళ్ళు మూసుకున్నాడు. ‘కుదరదు’ అన్న మాట పడితే ఆకాశం విరిగి మీద పడుతుందని అతను నలభై ఏళ్ళుగా నమ్ముతూ వచ్చాడు.

“అలాగే అమ్మా. ధరలు కనపడాలి కదా” అన్నారు రాజుగారు.

ఆమె మొదటి ఫైల్లో ఒక అంకె మార్చింది. పెద్దాయన పెరిగి, ఒద్దికగా ఆగారు. ధరలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె ఎన్నిసార్లు సేవ్ చేసినా ఆయన ఆ తర్వాత కదల్లేదు. రాజుగారు సాయికుమార్‌కేసి చూడకుండా భోజనాలకి వెళ్ళిపోయారు. అమలాపురం సాయికుమార్‌కి పొగరెక్కిందన్న వార్త సాంబారు వడ్డన అయ్యేలోపే ఊరంతా పాకింది.

భోజనం చెయ్యకుండానే ఇద్దరూ రోడ్డు మీదకి వచ్చారు. బస్సు కోసం నిలబడ్డారు.

“శనివారం సాయంత్రందాకా నా ఫైలే చదివేను సార్” అంది ప్రసన్న. “తప్పు దొరక్కపోతే, నాకు చదువు రాలేదేమో అనుకున్నాను. మా అమ్మతో కూడా అదే అన్నాను.”

సాయికుమార్ శాలువా ఇంకా మెడలోనే ఉందని చూసుకుని తీసి, ఎక్కడ పెట్టాలో తెలీక చేత్తో పట్టుకున్నాడు.

“హైదరాబాదువాళ్ళు పొద్దున్న మళ్ళీ ఫోన్ చేసేరు. సాయంత్రం చెప్తానన్నాను” అంది.

అలవాటు చచ్చినా పోదు. “మంచిదమ్మా, వెళ్ళు, పెద్ద కంపెనీ, నీకు మంచి భవిష్యత్తు...” అని అతని నోరు దానంతటది అనేస్తోంది. సగంలో ఆగాడు. ఇలాంటి మర్యాద మాటలు అతను రోజుకి వందంటాడు, ఒక్కటీ మనసులోంచి రాదు.

“వద్దు. వెళ్ళొద్దు” అన్నాడు. “నువ్వెళ్తే కొట్టు పోద్ది, అది నిజం. కానీ దానికోసం కాదు. నాకు అది నేర్చుకోవాలనుంది. నువ్వు చెప్పిన రోజే నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని చెప్పలేకపోయేను. నువ్వెళ్ళిపోతే నాకింకెవరూ చెప్పరు.”

బస్సు వచ్చింది. జనం దిగారు. ప్రసన్న ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అతను వెనక సీట్లో, ఎవరో మహాలక్ష్మిలాంటి ఆవిడా ఆవిడ అరటిగెలా మధ్యలో ఇరుక్కున్నాడు. బస్సు కదిలాక ఆమె ఫోన్ తీసింది. “రావట్లేదండి. ఆయ్, ఖాయంగానండి” అనడం అతనికి వినపడింది. తర్వాత వెనక్కి తిరిగింది.

“మీ మీద జాలితో కాదు సార్. మీరింక కస్టమర్లతో మాట్లాడొద్దు, నేను మాట్లాడతాను. మొదటి ఫైలు మీరే రాయాలి. నేను పక్కన కూర్చుంటాను. తప్పు చేస్తే తిడతాను. ఊరుకోను.”

“తిట్టమ్మా” అన్నాడు సాయికుమార్.

అతన్ని ఎవరూ ఎప్పుడూ తిట్టలేదు. అంత మంచివాణ్ణి తిట్టడానికి ఎవరికీ నోరు రాలేదు, అందుకే అతనికి పదేళ్ళుగా ఎవరూ ఏదీ నేర్పలేదు. ఆ సంగతి అరటిగెల పక్కన కూర్చున్నప్పుడు తట్టి ఏడుపొచ్చింది. పక్కావిడ చూసి, ఏం బాబూ ఒంట్లో బాగోలేదా అని అడిగింది. మామూలుగా అయితే అబ్బే, బాగానే ఉందండి అనేవాడు. బాగోలేదండి అన్నాడు.